‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలలో పాత్రల పుస్తకాల అరలు: పరోక్ష ప్రస్తావనలు అక్కడ ఏం పని చేస్తున్నాయి?

అటకమీది పుస్తకం | శనివారం, ఉదయం 7:15

సభ్యులందరికీ నమస్కారం. మేరీ షెల్లీ రాసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలను ఇరవై ఏళ్ల తరువాత ఈ వేసవిలో మళ్లీ చదివాను. కాలేజీ రోజుల్లో కథ కోసం పరుగెత్తుతూ, దారిలో తగిలిన పుస్తకాల పేర్లనూ కవితాపంక్తులనూ గంతులేసి దాటిపోయాను. ఈసారి వాటి దగ్గర ఆగి చూశాను. నాకు తోచినదేమిటంటే, ఈ నవలలో ప్రతి ముఖ్యపాత్రకూ సొంత పుస్తకాల అర ఒకటి ఉంది. అందులో ఏమున్నాయో తెలిస్తే ఆ మనిషి లోకాన్ని ఎలా చూస్తాడో, ఎక్కడ పొరబడతాడో కూడా తెలిసిపోతుంది.

ధ్రువసముద్రంలో విక్టర్‌ను కాపాడి, అతడి కథను విని రాసుకున్న కెప్టెన్ వాల్టన్‌కు చిన్నతనంలో సరైన చదువు లేదు. ఇంటి పెద్దల్లో ఒకరైన థామస్ దగ్గరున్న సముద్రయాత్రల పుస్తకాలే ఆయన బడి. తరువాత కవులను చదివి, తానూ కవినవుదామని ఒక ఏడాది ప్రయత్నించి ఓడిపోయాడు. ఆ ఏడాదిని తాను స్వయంగా కల్పించుకున్న స్వర్గంలో గడిపానని అక్కకు రాస్తాడు. ఉత్తర ధ్రువం వైపు ఓడ నడిపించడానికి ఈ రెండు అరలూ చాలు. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్‌కు పదమూడేళ్ల వయసులో థోనోన్ దగ్గరి స్నానఘట్టాల ఊరిలో, వాన పడి సత్రంలో చిక్కుకున్న రోజున పాతకాలపు మంత్రవిద్యా రచయిత అగ్రిప్పా పుస్తకం దొరుకుతుంది; ఆ వెంట పారాసెల్సస్, ఆల్బర్టస్ మాగ్నస్ వస్తారు. తండ్రి ఆ పుస్తకాన్ని చూసి, అది ఎందుకు పనికిరాదో వివరించకుండా, చెత్త అని ఒక్క మాటతో తోసిపుచ్చుతాడు. స్నేహితుడు క్లెర్వాల్ అరలో వీరగాథలు, శృంగారగాథలు ఉంటాయి. ఇక విక్టర్ ప్రాణం పోసి వదిలేసిన, పేరైనా లేని ఆ ప్రాణికి అడవిలో ఒక తోలుపెట్టె దొరుకుతుంది. అందులో మూడే పుస్తకాలు: ఆదాము, సాతానుల పతనాన్ని చెప్పే మిల్టన్ కావ్యం ‘పారడైజ్ లాస్ట్’, గ్రీకు రోమన్ ప్రముఖుల గురించి ప్లూటార్క్ రాసిన జీవితచరిత్రలలో ఒక సంపుటం, ప్రేమ విఫలమై ఆత్మహత్య చేసుకున్న యువకుడు వెర్టర్ గురించి గోథే రాసిన కథ.

ఈ ప్రస్తావనలు నవల వాతావరణాన్నీ పాత్రలనూ ఎలా కడుతున్నాయన్నదే నా ప్రశ్న. రచయిత్రి తన పాండిత్యాన్ని ప్రదర్శించుకుందన్న విమర్శ కూడా విన్నాను కాబట్టి, ఆ మాటను నమ్మేవారు కూడా దయచేసి రాయండి.

రెండో బెంచీ | శనివారం, ఉదయం 9:02

నేను ఎం.ఏ. విద్యార్థిని. మా నోట్సులో పరోక్ష ప్రస్తావన అంటే ‘ప్రసిద్ధమైన మరొక రచననో వ్యక్తినో సూచించి అర్థానికి గాఢతను ఇవ్వడం’ అని ఉంది. గాఢత అనే మాటతో పరీక్షలో రెండు మార్కులు వస్తాయి గాని, ఒక ప్రస్తావన వల్ల మంచో కొండో కళ్లకు ఎలా కడుతుందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. పెద్దలు ఎవరైనా ఒక్క ఉదాహరణ తీసుకుని విడమరిచి చెప్పగలరా?

నల్లబల్ల | శనివారం, మధ్యాహ్నం 12:40

రెండో బెంచీ, మీ ప్రశ్నకు నవల మొదటి పుటల్లోనే సమాధానం ఉంది. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన అలవాటుతో కాస్త సాగదీస్తాను, ఓర్చుకోండి.

వాల్టన్ ఆర్చాంజెల్ రేవు నుంచి బయలుదేరే ముందు అక్క మార్గరెట్‌కు రాసిన ఉత్తరంలో, తాను పొగమంచూ హిమమూ నిండిన దేశానికి పోతున్నాననీ, అయితే ఏ ఆల్బట్రాస్ పక్షినీ చంపబోననీ, కాబట్టి తన గురించి బెంగపడవద్దనీ అంటాడు. ఆల్బట్రాస్‌ను చంపినవాడు కోల్రిడ్జ్ కవితలోని ముసలి నావికుడు. కారణం లేకుండా ఆ పక్షిని బాణంతో కొట్టాడు. తోటి నావికులందరూ చనిపోగా తానొక్కడూ మిగిలి, ఆ కథను ఎదురైనవారికి చెప్పుకుంటూ తిరగవలసిన శాపానికి గురయ్యాడు. ఇప్పుడు చూడండి. ఆ ఉత్తరం రాసేనాటికి వాల్టన్ ధ్రువసముద్రాన్ని చూడలేదు. రచయిత్రి కూడా చూడలేదు. అయినా ఆ ఒక్క పక్షి పేరుతో, ఓడను నలువైపులా బిగించే మంచు, మంచు పగిలే చప్పుడు, గాలి ఆడని సముద్రం, చనిపోయిన నావికుల కళ్లు పాఠకుడి మనసులోకి ముందే వచ్చి కూర్చుంటాయి. వర్ణనకు పది పుటలు పట్టే పని అలా జరిగిపోయింది. తరువాత వాల్టన్ ఓడ నిజంగానే మంచులో చిక్కుకున్నప్పుడు, ఇలా జరుగుతుందని మనకు ముందే తెలిసినట్టు అనిపించడానికి కారణం ఇదే.

అదే వాక్యం పాత్రను కూడా కడుతోంది. ‘నేను పక్షిని చంపను’ అని నవ్వుతూ అనేవాడికి, చంపినవాడి కథ మనసులో మెదులుతూనే ఉందన్నమాట. 1818లో వచ్చిన మొదటి ముద్రణలో ఇంతే ఉంది. 1831లో రచయిత్రి నవలను సవరించినప్పుడు వాల్టన్ చేత ఇంకొంచెం చెప్పించింది: నా ప్రస్తావన చూసి నువ్వు నవ్వుతావు, కాని ఒక రహస్యం చెబుతాను, సముద్రపు ప్రమాదకర రహస్యాల మీద నాకున్న పిచ్చి ఆ కవితను చదివినందువల్లనే పుట్టిందని చాలాసార్లు అనుకున్నాను అంటాడు. ప్రమాదాన్ని హెచ్చరించడానికి పుట్టిన కవితను చదివి ప్రమాదం మీదే మోజు పెంచుకున్న పాఠకుడు వాల్టన్. నాకు ఈ నవలలో అందరికంటే మనకు దగ్గరివాడు అతడే అనిపిస్తుంది.

ఇంకొకటి. ప్రాణం పోసిన రాత్రి తరువాత ఇంగోల్‌స్టాట్ వీధుల్లో విక్టర్ భయంతో తిరుగుతున్నప్పుడు కూడా అదే కవితలోని పంక్తులు వస్తాయి: నిర్జనమైన దారిలో నడిచేవాడు ఒకసారి వెనక్కి చూసి, ఒక భయంకర పిశాచం తన వెనుకనే వస్తోందని తెలిసి, ఇక తల తిప్పకుండా నడిచే సందర్భం అది. ధ్రువపు మంచు, జర్మన్ ఊరి వీధి ఒకే కవితతో ముడిపడటంతో, విక్టర్ ఆ క్షణం నుంచే మంచువైపు నడుస్తున్నాడని మనకు అనిపిస్తుంది.

గోదారి గట్టు | శనివారం, సాయంత్రం 6:25

మాస్టారి వివరణ బాగుంది గాని, నాకొక చిక్కు ఉంది. వాల్టన్ ఉత్తరాలలో సంవత్సరం ‘17—’ అని మాత్రమే ఉంటుంది. అయితే ఆగస్టు 5 నాటి ఉత్తరంలో ‘గత సోమవారం, జూలై 31’ అని అతడు నోరు జారతాడు. అదే నవలలో, ఆ ప్రాణి చాటునుంచి గమనించే డి లేసీ కుటుంబపు కొడుకు ఫీలిక్స్ తన కాబోయే భార్య సాఫీకి చదివి వినిపించే గ్రంథం, సామ్రాజ్యాల పతనం మీద ఫ్రెంచి రచయిత వోల్నీ రాసినది, 1791లో వెలువడింది. కాబట్టి కథ ఆ తరువాతే ముగియాలి. 1791 నుంచి 1799 వరకు పంచాంగం తిరగేసి చూశాను. జూలై 31 సోమవారం నాడు వచ్చింది 1797లో మాత్రమే. కోల్రిడ్జ్ కవిత అచ్చయింది 1798లో. అంటే వాల్టన్ ఇంకా అచ్చు కాని కవితను చదివి సముద్రయాత్రకు బయలుదేరాడు!

అంతటితో ఆగలేదు. విక్టర్ కథనంలో వర్డ్స్‌వర్త్ ‘టింటర్న్ ఆబీ’ పంక్తులు వస్తాయి, అదీ 1798దే. విక్టర్ ఆల్ప్స్‌లోని మాంటన్‌వేర్ కొండ ఎక్కేటప్పుడు వచ్చే పద్యం రచయిత్రి భర్త పెర్సీ షెల్లీది. అది పుస్తకరూపంలో వచ్చింది 1816లో. పాత్రలు తాము చచ్చిన తరువాత రాసిన పద్యాలను వల్లిస్తుంటే, ఇవి పాత్ర స్వభావాన్ని కడుతున్నాయని ఎలా అంటాం? రచయిత్రి తన బల్ల మీదున్న పుస్తకాలను తెచ్చి వాళ్ల నోట్లో పెట్టిందనడం న్యాయం.

ఏటిగాలి | శనివారం, రాత్రి 10:10

గోదారి గట్టు గారూ, మీ లెక్క సరైనదే, అయితే మీ లెక్క తేల్చిన ఆ సంవత్సరాన్ని ఒకసారి వేరే వైపు నుంచి చూడండి. మేరీ షెల్లీ పుట్టింది 1797 ఆగస్టు 30న. ఆమె తల్లి మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ కాన్పు తరువాత సెప్టెంబరు 10న చనిపోయింది. వాల్టన్ ఆఖరి ఉత్తరంలోని తేదీలు సెప్టెంబరు 12 దాకా వస్తాయి. ఉత్తరాలు అందుకునే అక్క పూర్తి పేరు మార్గరెట్ వాల్టన్ సావిల్. పొడి అక్షరాలు చూస్తే మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ షెల్లీకి సరిపోతాయి. పుట్టుక, తల్లి లేని బిడ్డ అనే విషయాల చుట్టూ తిరిగే కథకు ఆ నెలలు యాదృచ్ఛికంగా కుదిరాయని నేను నమ్మలేను. అచ్చయిన పుస్తకాలతో నడిచే పంచాంగం ఒకటి, ఇంటి జ్ఞాపకాలతో నడిచేది ఇంకొకటి అనుకుంటే కవితల చిక్కు నాకు పెద్దగా కనిపించదు.

అసలు నేను రాయాలనుకున్నది ఊళ్ల పేర్ల గురించి. ఉద్యోగరీత్యా ఆరేళ్లుగా జెనీవాలో ఉంటున్నాను. ఈ నవలలో పుస్తకాల పేర్లే కాదు, ఊళ్ల పేర్లూ పరోక్ష ప్రస్తావనలే. ‘నేను జెనీవా వాడిని’ అని విక్టర్ తన కథ మొదలుపెడతాడు. 1818లో చదువుకున్న ఆంగ్ల పాఠకుడికి జెనీవా అంటే రూసో పుట్టిన ఊరు. మనిషి పుట్టుకతో మంచివాడనీ, సమాజమే అతణ్ణి పాడు చేస్తుందనీ చెప్పినవాడు రూసో. పిల్లల పెంపకం మీద గొప్ప గ్రంథం రాసి, తన బిడ్డలను మాత్రం అనాథాశ్రమానికి అప్పగించినవాడూ ఆయనే. నవలలో ఆయన పేరు ఎక్కడా కనబడదు. కాని తాను చేసిన ప్రాణిని తానే వదిలేసి పారిపోయిన జెనీవావాసి కథలో ఆయన పేరు విడిగా రాయవలసిన అవసరం ఏముంది? విక్టర్ చిన్న తమ్ముడు విలియమ్ హత్య జరిగేది ప్లెయిన్‌పలే మైదానంలో. రచయిత్రి 1816లో ఇక్కడ ఉన్నప్పుడు ఆ మైదానంలో రూసో గౌరవార్థం నిలిపిన స్తంభాన్ని చూసి, ఆ సంగతి ఉత్తరంలో రాసింది. ఇప్పుడు అదే మైదానంలో ఆ ప్రాణి కంచు విగ్రహం ఉంది. ఆదివారం సంతకు వచ్చేవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటారు.

ఇంగోల్‌స్టాట్ కూడా అలాంటి పేరే. 1776లో అక్కడి ఆచార్యుడు వైస్‌హాప్ట్ ‘ఇల్యుమినాటి’ అనే రహస్య సంఘాన్ని స్థాపించాడు. ఫ్రెంచి విప్లవానికి మూలం ఆ సంఘమేనని అప్పట్లో చాలామంది నమ్మారు. విక్టర్‌ను అక్కడికి చదువుకు పంపడంతోనే, వెనుకటి లోకాన్ని కూలదోసే రహస్య ప్రయత్నమేదో జరగబోతోందన్న నీడ కథ మీద పడుతుంది.

తాళపత్రం | ఆదివారం, ఉదయం 8:30

ఊళ్ల పేర్లలో ఇంత ఉందని నాకు తెలియదు. ఏటిగాలి గారికి కృతజ్ఞతలు.

నేను సంస్కృతాంధ్రాలు చదువుకున్నవాణ్ణి కాబట్టి నా దారిలో చెబుతాను. మనకు ఈ పద్ధతి కొత్తది కాదు. ఎవరైనా పనికి అడ్డుపడితే సైంధవుడంటాం. రెంటికీ చెడి మధ్యలో వేలాడితే త్రిశంకు స్వర్గమంటాం. పక్కనుండి నీరుగార్చేవాడి సహాయాన్ని శల్యసారథ్యమంటాం. ఒక్క మాటతో ఒక పర్వం మొత్తం లేచి వస్తుంది. ఈ నవల కథను ఎవరికి చెప్పినా మనవాళ్లు వెంటనే ‘భస్మాసుర హస్తం’ అంటారు. కాని ఆలోచిస్తే ఆ పోలిక కుదరదు. భస్మాసురుడు తపస్సు చేసి వరం అడిగి పుచ్చుకున్నాడు, ఇచ్చినవాడి నెత్తి మీదే చెయ్యి పెట్టబోయాడు. అక్కడ తప్పంతా పుచ్చుకున్నవాడిది. ఇక్కడ ఆ ప్రాణి ఏమీ అడగలేదు. నవల ముఖపత్రం మీద మిల్టన్ కావ్యం నుంచి ఎత్తిరాసిన ఆదాము మాటలు సరిగ్గా ఆ విషయమే చెబుతాయి: మట్టినుంచి నన్ను మనిషిగా మలచమని నిన్ను నేను అడిగానా, చీకటి నుంచి పైకి తెమ్మని వేడుకున్నానా అని. భస్మాసురుడు ఆ ప్రశ్న వేయలేడు.

‘విశ్వామిత్ర సృష్టి’ కొంత దగ్గరగా వస్తుంది. దేవుడికి పోటీగా సృష్టి చేయబోయిన అహంకారం అందులో ఉంది. అయితే త్రిశంకుడిని కింద పడనివ్వకుండా ఆకాశంలో నిలబెట్టి, అతడి కోసం నక్షత్రాలను పుట్టించాడు విశ్వామిత్రుడు. విక్టర్ తన సృష్టి కళ్లు తెరవగానే గదిలోంచి పారిపోయాడు. ఇక పుట్టగానే పెట్టెలో పెట్టి ఏటిలో వదిలిన కర్ణుడు గుర్తుకు రాని తెలుగు పాఠకుడు ఉండడు. అన్నదమ్ముల వరుసలో చోటు దొరకక, ఆదరించినవాడి పక్షాన అధర్మం వైపు నిలబడిన కర్ణుడికీ, కుటుంబం కోసం అర్రులు చాచి చివరకు హంతకుడైన ఈ ప్రాణికీ పోలిక పెట్టాలని మనసు లాగుతుంది.

కాని ఇది పోలికే, ప్రస్తావన కాదు. కర్ణుణ్ణి తెచ్చింది నేను, రచయిత్రి కాదు. ప్రస్తావన రచయిత నాటిన విత్తనం. పోలిక పాఠకుడు కట్టుకున్న అంటు. విమర్శ రాసేటప్పుడు ఈ రెంటినీ కలిపేస్తే, ప్రతి నవలలోనూ మనం మహాభారతాన్నే చదువుతూ కూర్చుంటాం.

రెండో బెంచీ | ఆదివారం, ఉదయం 9:15

తాళపత్రం గారూ, మీ విభజన విన్నాక ఒక సందేహం వచ్చింది. ‘నేను నీ ఆదామును కావలసినవాణ్ణి, కాని పతనమైన దేవదూతనయ్యాను’ అని ఆ ప్రాణి విక్టర్‌తో అంటుంది కదా. అక్కడ పోలిక పెట్టింది పాఠకుడే, ఎందుకంటే ఆ ప్రాణి కూడా మనలాగే ఒక పాఠకుడు. అప్పుడు అది మీ లెక్కలో విత్తనమా, అంటా?

తాళపత్రం | ఆదివారం, ఉదయం 9:48

దెబ్బ కొట్టారు. నా దగ్గర జవాబు లేదు. మాస్టారిని పిలుద్దాం.

నల్లబల్ల | ఆదివారం, మధ్యాహ్నం 3:20

ఆ ప్రశ్నే ఈ నవలకు గుండెకాయ అని నా అభిప్రాయం. చాలా నవలల్లో ప్రస్తావన అనేది రచయితకూ పాఠకుడికీ మధ్య, పాత్రకు తెలియకుండా సాగే సైగ. ఈ నవలలో ఆ సైగను పాత్ర చూస్తుంది. చూసి, తన బతుకుకు అన్వయించుకుంటుంది. అందుకే ఆ ప్రాణి చదువు గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

అతడు డి లేసీ కుటుంబం నివసించే పల్లె ఇంటికి ఆనుకున్న కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి వాళ్లను చూస్తూ మాట నేర్చుకుంటాడు. తరువాత ఆ మూడు పుస్తకాలు దొరుకుతాయి. వెర్టర్‌ను చదివి, అంతటి దైవసమానుణ్ణి తాను చూడలేదనీ, అతడి చావుకు కారణం సరిగ్గా అర్థం కాకుండానే ఏడ్చాననీ అంటాడు. ప్లూటార్క్ చదివి, రోములస్, థీసియస్‌ల కంటే శాంతి కోరిన శాసనకర్తలైన న్యూమా, సోలోన్, లైకర్గస్‌లను ఎక్కువగా మెచ్చుకుంటాడు. ఈ ఒక్క ఇష్టం వల్ల, అప్పటికి అతడి స్వభావంలో హింస లేదని రచయిత్రి ప్రత్యేకంగా చెప్పనవసరం లేకపోయింది. ఇక మిల్టన్ కావ్యాన్ని అతడు కల్పనగా చదవలేదు, నిజంగా జరిగిన చరిత్రగా చదివాడు. అతడికి కల్పనకూ చరిత్రకూ తేడా చెప్పేవాళ్లు ఎవరున్నారు? అందువల్ల ఆ కావ్యంలో తన చోటు ఎక్కడుందో వెతుక్కుంటాడు. తనకూ ఆదాముకూ మరే ప్రాణితోనూ బంధుత్వం లేదు, అంతవరకు పోలిక సరే. కాని ఆదాము దేవుడి చేతినుంచి సంపూర్ణుడై, సుఖవంతుడై వచ్చాడు. కాబట్టి సాతానే తనకు తగిన గుర్తు అనుకుంటాడు. అదీ చివరికి కుదరదు: సాతానుకు తోటి పిశాచాల మెచ్చుకోలైనా ఉంది, నేను ఒంటరిని అంటాడు.

ఇంకొక పుస్తకం ఉంది, దాన్ని మనం తరచు లెక్కలో వేయం. ప్రయోగశాల నుంచి పారిపోయేటప్పుడు ఒంటి మీద వేసుకున్న బట్టల జేబులో విక్టర్ దినచర్య కాగితాలు దొరుకుతాయి. తాను తయారైన నాలుగు నెలల వివరం వాటిలో రాసి ఉంది. ఆదాముకు సృష్టికథను చెప్పడానికి దేవదూత రఫాయెల్ దిగి వచ్చాడు. ఇతడికి ఆ కథ చెప్పింది అసహ్యంతో రాసుకున్న ప్రయోగపు చిట్టా. రెండింటినీ ఒకే కొట్టంలో, ఒకే పాఠకుడి చేతిలో పెట్టడం కంటే ఘాటైన ప్రస్తావన ఏముంటుందో నేను ఊహించలేను.

నీటి మడుగు దృశ్యాన్ని కూడా చూడండి. మిల్టన్ కావ్యం నాలుగో భాగంలో ఈవ్ నీళ్లలో తన ప్రతిబింబాన్ని చూసి మొదట ఉలిక్కిపడి వెనక్కి జరుగుతుంది, మళ్లీ ముచ్చటపడి తిరిగి వస్తుంది. ఆ ప్రాణి కూడా మడుగులో తనను చూసుకుని ఉలిక్కిపడి వెనక్కి జరుగుతాడు. తిరిగి రాడు. విశేషమేమిటంటే, ఈ సంఘటన అతడికి మిల్టన్ పుస్తకం దొరకక ముందే జరుగుతుంది. అంటే ఇది రచయిత్రి నాటిన విత్తనం. తరువాత ఆదాము పోలికను మాత్రం అతడే కట్టుకున్నాడు. రెండో బెంచీ, మీ ప్రశ్నకు ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

గోదారి గట్టు | ఆదివారం, సాయంత్రం 7:05

నిన్న నేను కొంచెం తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను. మిల్టన్ విషయంలో మాస్టారి వాదన గట్టిది. అయినా నా అనుమానం పూర్తిగా పోలేదు, రూపం మార్చుకుంది.

ఆ ప్రాణి మాటలు మనకు నేరుగా వినిపించవు. అతడు విక్టర్‌కు చెప్పాడు, విక్టర్ వాల్టన్‌కు చెప్పాడు, వాల్టన్ కాగితం మీద పెట్టాడు. పైగా వాల్టన్ రాసుకున్నదాన్ని విక్టర్ తీసుకుని తానే దిద్ది, చాలాచోట్ల పెంచాడని నవలలోనే ఉంది. అలాంటప్పుడు ఏ ప్రస్తావన ఎవరిదో ఎలా తేలుస్తాం? ఒక ఉదాహరణ. మిల్టన్ సాతాను తనలోనే నరకాన్ని మోసుకు తిరుగుతాడు. పల్లె కుటుంబం తరిమేసిన రాత్రి, ఆ సాతాను లాగే నాలో నరకాన్ని మోశానని ప్రాణి అంటాడు. విలియమ్ హత్య చేసిందని, చేయని నేరానికి వాళ్లింటి పనిమనిషి జస్టిన్‌కు ఉరిశిక్ష పడినప్పుడు విక్టర్ కూడా, పేరు చెప్పకుండా, ఇంచుమించు అవే మాటలు అంటాడు. ఆఖరి రోజుల్లో ఓడ మీద వాల్టన్‌తో మాట్లాడుతూ, సర్వశక్తిని కోరి శాశ్వత నరకంలో సంకెళ్లపాలైన ప్రధాన దేవదూత లాంటివాడినని తన గురించి చెప్పుకుంటాడు. ఇద్దరూ ఒకే సాతానును పంచుకుంటున్నారు. ఇది ఇద్దరి పోలికను చూపించే కౌశలమా, లేక విక్టర్ తన మాటలను ఆ ప్రాణి నోట పెట్టాడా?

ఈ రెండో అర్థమే నిజమైతే నవల ఇంకా భయంకరంగా మారుతుందని నాకు అనిపిస్తోంది. చేసినవాడు ఆ ప్రాణికి పేరు పెట్టలేదు సరికదా, అతడి మాటలను కూడా అతడివిగా ఉండనివ్వలేదన్నమాట.

ఏటిగాలి | ఆదివారం, రాత్రి 11:30

దీన్ని తేల్చడానికి ఆధారం లేదు. తేలకపోవడమే నాకు ఇష్టం.

క్లెర్వాల్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఒక మాట. రైన్ నది మీది ప్రయాణాన్ని వర్ణిస్తూ విక్టర్ తన కథను ఆపి, చనిపోయిన స్నేహితుణ్ణి తలుచుకుంటాడు. అక్కడ ‘టింటర్న్ ఆబీ’ పంక్తులు వస్తాయి: హోరెత్తే జలపాతం, ఎత్తైన బండ, కొండ, చీకటి అడవి ఒక మోహంలా వెంటాడేవని. మూలంలో కవి ‘నన్ను వెంటాడేవి’ అన్నాడు. విక్టర్ దాన్ని ‘అతణ్ణి’ అని మార్చాడు. ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గాని, వర్డ్స్‌వర్త్ ఆ పంక్తుల్లో వర్ణించింది తన గతించిన యవ్వనాన్ని. ఆ ఉద్వేగం పోయినా ఆలోచన మిగిలిందని ఆయన తరువాత ఓదార్చుకున్నాడు. క్లెర్వాల్‌కు ఆ ‘తరువాత’ లేదు. కవిత తెలిసినవాడికి ఆ తరువాతి పంక్తులు మనసులో వినిపిస్తాయి, పుటలో కనిపించవు. క్లెర్వాల్ అప్పటికింకా కథలో బతికే ఉన్నాడు. కాని అతడి మరణవార్తను మనం ఆ ఖాళీలోనే వింటాం.

తాళపత్రం | సోమవారం, ఉదయం 6:50

క్లెర్వాల్ మాట వచ్చింది కాబట్టి, మనకు నేరుగా సంబంధించిన విషయం ఒకటి చెప్పి తప్పుకుంటాను. 1818 పాఠంలో అతడు ఇంగోల్‌స్టాట్‌కు వచ్చి పారసీకం, అరబ్బీ, హీబ్రూ నేర్చుకుంటాడు. 1831 పాఠంలో హీబ్రూ స్థానంలో సంస్కృతం వచ్చింది. అంతేకాదు, భారతదేశానికి వెళ్లాలని అతడి సంకల్పం. అక్కడి భాషలు తనకు తెలుసు కాబట్టి యూరోపియన్ల వలసస్థాపనకూ వ్యాపారానికీ గణనీయంగా తోడ్పడగలనని అతడి ఆశ. మొదటి పాఠంలో కవితాహృదయుడిగా ఉన్న క్లెర్వాల్, రెండో పాఠంలో కంపెనీ కొలువుకు తగిన యువకుడిగా కనిపిస్తాడు. ఆ కాలంలో ఇంగ్లాండులో సంస్కృతం అంటే విలియమ్ జోన్స్ గుర్తుకు వచ్చేవాడు. ఆయన 1789లో ‘శాకుంతలం’ అనువాదం ప్రచురించాడు, కలకత్తాలో న్యాయమూర్తిగా కూడా పనిచేశాడు. కవిత్వమూ కొలువూ ఒకే మనిషిలో ఉండటం అప్పటివారికి వింత కాదు.

స్నేహితుడి వెంట విక్టర్ కూడా ప్రాచ్య రచనలు చదివి, వాటిలోని విషాదం ఊరటనిస్తుందనీ, జీవితమంటే వెచ్చని ఎండా గులాబీతోటా అన్నట్టు ఉంటుందనీ, గ్రీసు రోముల పౌరుషకవిత్వానికి ఎంత భిన్నమోననీ అంటాడు. మనల్ని గులాబీతోటలో కూర్చోబెట్టి జోకొట్టించుకోవడం అన్నమాట! అటు ఆ ప్రాణి, వోల్నీ గ్రంథపఠనం వింటూ సోమరులైన ఆసియావాసుల గురించీ, మహామేధావులైన గ్రీకుల గురించీ తెలుసుకున్నానంటాడు. అతడు ఒక్క ఆసియావాసినైనా చూడలేదు. లోకాన్ని పుస్తకాల నుంచే నేర్చుకున్నవాడికి పుస్తకాల దురభిప్రాయాలు కూడా అంటుకుంటాయి. అయితే అదే గ్రంథం విని, అమెరికా ఆదిమవాసుల దుర్గతికి సాఫీతో పాటు కన్నీళ్లు పెట్టుకున్నదీ అతడే. ఈ రెండూ ఒకే పుటలో, ఒకే మనసులో ఉండటం నాకు చాలా నిజమనిపించింది.

అటకమీది పుస్తకం | సోమవారం, రాత్రి 9:05

ఇంత చర్చ వస్తుందని అనుకోలేదు. శీర్షికలోనే ఉన్న ప్రస్తావనను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి దాని గురించి నా గమనింపు ఒకటి పెడతాను.

నవల ఉపశీర్షిక ‘ఆధునిక ప్రొమీథియస్’. గ్రీకు కథలో ప్రొమీథియస్ దేవతల నుంచి నిప్పు దొంగిలించి మనుషులకిచ్చి, కాకసస్ కొండకు సంకెళ్లతో బందీ అయ్యాడు. రోమన్ కవి ఓవిడ్ కథలో అతడు మట్టితో మనిషిని చేశాడు. 1756లో తత్త్వవేత్త కాంట్, మెరుపును పట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను ఆధునిక కాలపు ప్రొమీథియస్ అన్నాడు. 1818 పాఠంలో విక్టర్ తండ్రి గాలిపటం ఎగరేసి మేఘాల నుంచి విద్యుత్తును దించి చూపిస్తాడు. కాబట్టి ఆ బిరుదు విక్టర్‌దే అనుకుంటాం. సంకెళ్లు కూడా అతడికే దక్కాయి: ఇంగ్లాండులో రాజుకు ఎదురుతిరిగిన హాంప్‌డెన్ సమాధి దగ్గర నిలబడి, ఒక్క క్షణం సంకెళ్లు విదిలించుకున్నాననీ, కాని ఇనుము తన మాంసంలోకి దిగిపోయిందనీ అంటాడు.

అయితే నిప్పు ఎవరి దగ్గరుందో చూడండి. విక్టర్ చేతిలో నిప్పు కనిపించదు. బిచ్చగాళ్లు అడవిలో వదిలివెళ్లిన నెగళ్లను కనుగొని, వెచ్చదనానికి మురిసి, అందులో చెయ్యి పెట్టి కాల్చుకున్నది ఆ ప్రాణి. డి లేసీ కుటుంబం వెళ్లిపోయాక ఆ ఇంటిని తగలబెట్టింది అతడే. చివరికి ధ్రువపు మంచు మీద తన చితిని తానే పేర్చుకుని ఆ మంటల్లో సంతోషంగా చస్తానని వాల్టన్‌తో చెప్పి చీకట్లో కలిసిపోయేది అతడే. వెర్టర్ చావుకు అర్థం తెలియకుండా ఏడ్చిన పాఠకుడు ఆ చితి మాట అంటున్నాడని గుర్తుంచుకుంటే ఆ పుట మరోలా చదువుకోవాలి.

తాళపత్రం గారు చెప్పిన ముఖపత్రపు పంక్తుల గురించి ఒక చిన్న విషయం. ఆ ప్రశ్న ఆదాముది. ఆ ప్రాణి దగ్గరున్న పుస్తకంలోనే అది ఉంది. అతడు మిల్టన్‌ను అంతగా తలుచుకున్నా, ఆ పంక్తులను మాత్రం విక్టర్ ముందు ఎత్తి చెప్పడు. నిన్నటి నుంచి మాంటన్‌వేర్ కొండ మీది ఆ గుడిసె సంభాషణను రెండుసార్లు తిరగేశాను, దొరకలేదు. ఎవరికైనా దొరికితే పుట సంఖ్యతో రాయండి.